కుక్కల కేంద్రానికి వెళ్తే ముందు చావుల పుస్తకం అడగండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరం జిల్లాలో ఒక పట్టణం. ఊరి చివర పురపాలక సంఘం వారి కుక్కల కేంద్రం, అక్కడే వాటికి పిల్లలు పుట్టకుండా చేసే కు.ని. ఆపరేషన్లు. మీరు, మీ స్నేహితులు నలుగురు కలిసి వెళ్లి చూస్తే 42 బోనుల్లో 70కి పైగా కుక్కలు ఉన్నాయి. నేల ఎప్పుడు చూసినా తడి. పోయిన నెలలో కుక్కపిల్లలు వరసగా చనిపోయాయి. అడిగితే సూపర్‌వైజరు "మీకెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు. ఈ కేంద్రం మీద అజమాయిషీ ఎవరిది, వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెడితే మార్పు వస్తుందా, లేకపోతే రేపటినుంచి గేటు దగ్గరే ఆపేస్తారా అని అడిగారు.

నేను పశువైద్యుణ్ణి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. అందులో కొన్నేళ్లు ఇలాంటి కేంద్రాల తనిఖీకి వెళ్లాను, ఒకచోట ఆపరేషన్లు కూడా చేశాను. కాబట్టి నాకు తెలిసినంత వివరంగానే రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

వీడియో సంగతి ముందు చెప్తాను. ఫోటోలు తీసుకోండి, తేదీతో సహా దాచుకోండి. ఇప్పుడే బయట పెట్టకండి. పెడితే మూడు రోజులు గొడవ అవుతుంది, నాలుగో రోజు అంతా కడిగి ముగ్గులు వేసి పేపరువాళ్లకు చూపిస్తారు, ఐదో రోజునుంచి మీకు గేటు మూసేస్తారు. లోపల ఉన్న జంతువుకు మీరు తప్ప వేరే దిక్కు లేనప్పుడు మీ చేతులారా ఆ దారి మూసుకోవద్దు. ఒక్క సందర్భం మాత్రం వేరు. కొట్టి చంపడం, విషం పెట్టడం, బతికుండగా పాతిపెట్టడం లాంటివి కంటపడితే ఒక్క గంట కూడా ఆగకండి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ రాసి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మీరు చెప్పినదాన్ని బట్టి అక్కడ జరుగుతున్నది అది కాదు. అజాగ్రత్త, లెక్క తెలియకపోవడం. వాటిని సరిచేయడం మన చేతిలో ఉంది.

ఇక మీరు మామూలుగా రాసేసిన ఆ అంకె దగ్గరికి వస్తాను. 42 బోనులు, 70కి పైగా కుక్కలు. ఒక కుక్కను పట్టి తెచ్చిన రోజు ఒకటి, రాత్రి తిండి పెట్టకుండా ఉంచి మర్నాడు ఆపరేషన్, ఆ తర్వాత పుండు ఆరేదాకా కనీసం నాలుగు రోజులు. అంటే ఒక్కో కుక్క ఆరు రోజులు బోనులో ఉండాలి. 42ని ఆరుతో భాగిస్తే ఏడు. ఆ కేంద్రం రోజుకు ఏడు కుక్కలను మాత్రమే పట్టగలదు. మీరు వెళ్లినప్పుడు 70 దాటి ఉన్నాయంటే బండి రోజుకు పన్నెండు దాకా తెస్తోందన్నమాట. పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. అప్పుడు ఒక బోనులో రెండేసి కుక్కలు పడతాయి. అవి కరుచుకుంటాయి, ఒకదాని కుట్లు ఇంకొకటి నాకి విప్పేస్తుంది. లేదంటే చోటు కోసం రెండో రోజే పచ్చి పుండుతో రోడ్డు మీద వదిలేస్తారు. మీరు చూసిన సగం సమస్యలకు మూలం ఇక్కడుంది. వీటికి కొత్త షెడ్డు అక్కర్లేదు. బండివాడికి రోజుకు ఏడు అని చెబితే ఆ వారంలోనే తేడా కనిపిస్తుంది. అధికారులతో మాట్లాడేటప్పుడు "పాపం మూగజీవాలు" అని మొదలుపెట్టకుండా ఈ భాగహారం కాగితం మీద వేసి చూపించండి. జాలి మాట విని తల ఊపి పంపించేస్తారు. అంకె వేసి చూపిస్తే జవాబు చెప్పాలి.

పిల్లల చావు. ఇది చదివాక నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు, ఎందుకంటే ఇలాంటిదే నేను చూశాను. ఒక పట్టణంలో నేను వెళ్లిన మొదటి నెలలో తొమ్మిది పిల్లలు పోయాయి. పాడైన అన్నం తిన్నాయని అందరూ అన్నారు. కేంద్రం శుభ్రంగానే ఉండేది, గేటు దగ్గరే ఫినాయిల్ వాసన ముక్కు పగలగొట్టేది. ఒక పిల్లను కోసి చూస్తే పేగులు ఎర్రగా వాచి ఉన్నాయి. అది పార్వో, కుక్కపిల్లల పేగులకు వచ్చే వైరస్ రోగం. మామూలు ఫినాయిల్‌కు ఆ వైరస్ చావదు. చచ్చిన పిల్ల ఉన్న చోట నెలల తరబడి బతికే ఉంటుంది. చీపురు పుల్లకు, చెప్పు అడుగుకు, అన్నం గిన్నెకు అంటుకుని పక్క బోనుకు వెళ్తుంది. అంటే రోజూ శ్రద్ధగా కడిగిన మనిషే తనకు తెలియకుండా ఆ చివరనుంచి ఈ చివరకు రోగాన్ని మోశాడు. ఆ మాట అతనికి చెప్పినప్పుడు అతను ఏడ్చాడు. ఇప్పటికీ ఆ ముఖం మర్చిపోలేను.

మీ దగ్గర కూడా రక్తంతో కలిసిన నీళ్ల విరేచనాలు, వాంతులు, రెండు మూడు రోజుల్లో చావు అంటే ముందు అదే అనుమానించాలి. బ్లీచింగ్ పౌడరు మన పురపాలక సంఘాల్లో బస్తాలకొద్దీ ఉంటుంది, కొనక్కర్లేదు. పది లీటర్ల బకెట్‌కు సుమారు 60 గ్రాములు కలిపి, తేరిన నీళ్లు వాడాలి. ముందు మలం, అన్నం మెతుకులు మొత్తం ఎత్తేసి, సబ్బు నీళ్లతో రుద్ది కడిగాకే ఇది పోయాలి. పైన మురికి ఉండగా పోస్తే పనిచేయదు. పోసి పది నిమిషాలు అలాగే వదిలేసి, తర్వాత మంచినీళ్లతో కడిగి, నేల ఆరాకే కుక్కను లోపలికి పంపాలి. మూత తీసి ఉంచిన బ్లీచింగ్ పౌడరు కొద్ది రోజులకే సత్తువ పోగొట్టుకుంటుంది, కాబట్టి కొత్త సంచి అడగండి. దాన్ని ఫినాయిల్‌తో గాని, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో గాని కలపనివ్వకండి. యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. కడిగే వరస కూడా ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ముందు, తర్వాత ఆపరేషన్ అయిన పెద్దవి, రోగంతో ఉన్నవి చివర. రోగం వరసకు చీపురు, బకెట్ వేరు. వాటికి ఎర్ర రంగు పూస్తే చదువు రాని మనిషి కూడా మర్చిపోడు.

తడి నేల గురించి ఒక మాట. నేను చూసిన చాలాచోట్ల కుక్క లోపల ఉండగానే పైపుతో నీళ్లు కొట్టి కడుగుతారు. వాలు కాలువ వైపు ఉండదు. కుట్లు తడిసి చీము పడుతుంది. ఒక తాపీమేస్త్రీ, రెండు సిమెంటు బస్తాలు ఉంటే ఒక వరస వాలు ఒక రోజులో సరిచేయొచ్చు. దాని అంచనా వేయడానికి పురపాలక సంఘం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని ఒకసారి లోపలికి తీసుకెళ్లి, నీళ్లు ఎటు పోతున్నాయో చూపించండి, చాలు.

అసలు ఆరు నెలలలోపు పిల్లలను ఆపరేషన్ కోసం పట్టకూడదు, పాలిచ్చే తల్లిని కూడా పట్టకూడదు. మరి పిల్లలు అక్కడికి ఎలా వచ్చాయి? బండివాళ్లు తల్లితో కలిపి ఎత్తుకొచ్చి ఉండాలి, లేదా జనం అట్టపెట్టెలో పెట్టి గేటు దగ్గర వదిలేసి పోయి ఉండాలి. రెండోదే ఎక్కువ. టీకాలు లేని పిల్లకు అలాంటి కేంద్రం కన్నా ప్రమాదకరమైన చోటు లేదు. మీ స్నేహితులు నలుగురూ చేయగలిగిన అతి పెద్ద సాయం ఇదే అనుకుంటాను. గేటుకు వచ్చిన పిల్లను ఆరోజే ఇంటికి తీసుకెళ్లి, ఆరు వారాల వయసు నుంచి మూడు నాలుగు వారాల తేడాతో టీకాలు వేయించి, దత్తత ఇచ్చేదాకా చూసుకునే ఇళ్లు ఒక పది వెతకండి.

మీరు అజమాయిషీ ఎవరిదని అడిగారు కదా. 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం జంతు జనన నియంత్రణ నిబంధనలు తెచ్చింది, 2001 నాటి పాత నిబంధనల స్థానంలో. వాటి ప్రకారం బాధ్యత పురపాలక సంఘానిదే. పురపాలక సంఘం తరఫున ఆపరేషన్లు చేసే సంస్థకు జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉండాలి. స్థానికంగా పర్యవేక్షణ కమిటీ ఉండాలి, దానికి కమిషనరు గారు అధ్యక్షులు. పశుసంవర్ధక శాఖ, ప్రజారోగ్య విభాగం, జంతు సంక్షేమ సంస్థల వాళ్లు సభ్యులు. ఆపరేషన్ గదిలోనూ కుక్కలను ఉంచే చోటా సీసీ కెమెరాలు ఉండాలి, రికార్డు దాచాలి. తీసిన గర్భసంచులు, వృషణాలు ఫార్మలిన్‌లో ఉంచి, కమిటీ లెక్కపెట్టాకే పారేయాలి. ఇన్ని రాసి ఉన్నా చాలాచోట్ల కమిటీ కాగితం మీదే ఉంటుంది, సమావేశం జరగదు. కాబట్టి మీరు కమిషనరు గారికి రాసే మొదటి ఉత్తరంలో ఫిర్యాదు రాయకండి. "కమిటీ చివరి సమావేశం ఎప్పుడు జరిగింది, మినిట్స్ ఇవ్వగలరా" అని ఒక్క ప్రశ్న రాసి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. సమావేశం జరిగి ఉండకపోతే ఆ ఉత్తరం అందాక పెట్టక తప్పదు.

కమిటీలో మాట్లాడాల్సిన అసలు విషయం డబ్బు. చాలా ఒప్పందాలు కుక్కకు ఇంత అని ఉంటాయి. ఆపరేషన్ అయితే బిల్లు వస్తుంది. ఆ తర్వాత కుక్క బోనులో ఉన్న ప్రతి రోజూ సంస్థకు తిండి ఖర్చే. అలాంటప్పుడు నాలుగు రోజులు ఉంచుతారా, రెండో రోజే వదిలేస్తారా? మంచివాళ్లు ఉంచుతారు, కానీ ఒప్పందం వాళ్ల మంచితనం మీద ఆధారపడకూడదు. బిల్లు పాస్ కావాలంటే మూడు అంకెలు కలవాలి అని షరతు పెట్టించండి. పట్టుకొచ్చిన పుస్తకంలో కుక్క నంబరు, ఫార్మలిన్ డబ్బాలో లెక్క, ఏ రోజు ఎక్కడ వదిలారో ఫోటోతో సహా వదిలిన పుస్తకం. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదివే మనిషి నెలకు ఒక్కసారి కూర్చుంటే సగం తప్పులు చేసే ధైర్యమే ఎవరికీ ఉండదు.

వదిలే చోటు చిన్న విషయం అనుకుంటారు. విజయనగరం గంటస్తంభం దగ్గర పట్టిన కుక్కను కంటోన్మెంటులో వదిలితే అక్కడి కుక్కలు దాన్ని చీల్చేస్తాయి, అది భయంతో మనుషుల మీదికి పోతుంది. ఇక్కడ ఖాళీ అయిన చోటికి ఆపరేషన్ కానివి, టీకా లేనివి వచ్చి చేరతాయి. చేసిన ఖర్చంతా వృథా. పట్టినప్పుడే "ఫలానా వీధి, ఫలానా కిరాణా కొట్టు ఎదురుగా" అని రాయించాలి. ఊరంతా తలా కొంచెం పట్టే పద్ధతి మాన్పించి, ఒక వార్డు పూర్తిచేసి ఇంకో వార్డుకు వెళ్లమనండి. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు రేబిస్ టీకా పడితేనే అక్కడ ఆ రోగం గొలుసు తెగుతుంది. ఊరంతా ముప్ఫై శాతం వేస్తే ఏ వీధీ క్షేమం కాదు.

చావుల పుస్తకం అని పైన పేరు పెట్టాను. ఎన్ని ఆపరేషన్లు చేశామని గొప్పగా చెప్పే కేంద్రాలు చాలా ఉన్నాయి. ఎన్ని చనిపోయాయి, ఎన్నో రోజున, దేనితో అని చెప్పగలిగే కేంద్రాలు నాకు వేళ్ల మీద లెక్కే. ఆపరేషన్ అయిన రోజే పోతే మత్తు గురించి, రక్తస్రావం గురించి చూడాలి. మూడో నాలుగో రోజున పోతే కుట్లు, చీము, శుభ్రత. వచ్చిన వారం దాటాక పిల్లలు పోతే అంటురోగం. ఒక్క తేదీ రాస్తే డాక్టరుకు దారి దొరుకుతుంది. కారణం తెలియని చావులకు పోస్ట్‌మార్టం చేయించండి. మన గరివిడిలోనే పశువైద్య కళాశాల ఉంది, తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద. కమిషనరు గారి పేరుతో ఒక ఉత్తరం రాయించి, వాళ్ల నిపుణులు నెలకోసారి వచ్చి చూసేలా అడగండి. అక్కడి విద్యార్థులకు చదువు, మీకు సాయం. పిచ్చి లక్షణాలతో చనిపోయిన కుక్కను మాత్రం అక్కడ ఎవరూ కోయకూడదు, చేతులతో ముట్టుకోకూడదు. డాక్టరుకు చెప్పి, నిర్ధారణ ఎలా చేయాలో వాళ్లకే వదలండి.

అక్టోబరు గురించి ఇప్పుడే ఆలోచించండి. చిత్త కార్తె కుక్కలు అని మన పెద్దలు ఊరికే అనలేదు. వానలు తగ్గే ఆ రోజుల్లో కడతాయి, సుమారు 63 రోజులకు, అంటే సంక్రాంతి ముందు ఈనుతాయి. జనవరిలో మీ గేటు దగ్గర అట్టపెట్టెలు పెరిగేది అందుకే. ఆడకుక్కల ఆపరేషన్లు ఆషాఢం, శ్రావణాల్లోనే ఎక్కువ చేయగలిగితే ఆ పెట్టెలు తగ్గుతాయి. చాలాచోట్ల తలకిందులుగా నడుస్తుంది. కొత్త టెండరు ఆలస్యమై, సంస్థ వచ్చేసరికి దసరా దాటిపోతుంది. టెండరు వేసవిలోనే పూర్తిచేయమని కమిటీలో గట్టిగా అడగండి.

అదే నెల మనకు తుఫాన్ల నెల కూడా. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న. తిత్లీకి ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. రేబిస్ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే ఆ మందు పనిచేయదు. అయినా దాన్నే పొడిచి చెవికి గాటు పెట్టి వదిలేస్తే, టీకా వేసిన కుక్క కదా అని ఊరు నమ్ముతుంది. ఇంతకంటే పెద్ద ప్రమాదం నాకు కనిపించదు. ఫ్రిజ్‌లో థర్మామీటరు, ఉదయం సాయంత్రం రాసే చిన్న పుస్తకం, కరెంటు పోతే మందు పెట్టే ఐస్ డబ్బా ఉన్నాయో లేదో చూడండి. రేకుల కప్పుకు కట్టు, మూడు రోజుల నూకలు, నీళ్లు కూడా.

సుప్రీంకోర్టు ఉత్తర్వుల తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో ఆపరేషన్, టీకా అయిన కుక్కను పట్టిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవి, మనుషుల మీదికి దూకేవి మాత్రం వదలకూడదని చెప్పారు. నవంబరు 7న ఇచ్చిన ఉత్తర్వులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు లాంటి చోట్ల పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలకుండా షెల్టర్లలో ఉంచమన్నారు. ఆ కుక్కలు ఆరు రోజులకు వెళ్లిపోవు, ఏళ్ల తరబడి ఉంటాయి. 42 బోనుల్లో సగం వాటికి పోతే రోజుకు ఏడు కాదు, మూడున్నర మిగులుతాయి. ఆపరేషన్ బోనుల్లో శాశ్వత కుక్కలను పెట్టనివ్వకండి. వాటికి వేరే స్థలం, తిరగడానికి ఆవరణ, వేరే బడ్జెట్ కావాలి. స్థలం కోసం కలెక్టరు గారి దగ్గరికి వెళ్లాలి. ప్రతి జిల్లాలో జంతు హింస నివారణ సంఘం ఉండాలని, వాటి షెల్టర్లకు రాష్ట్ర ప్రభుత్వం స్థలం చూపాలని ఆ సంఘాల మీద 2001లో వచ్చిన వేరే నిబంధనలు చెప్తున్నాయి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి.

రికార్డులు చూపించకపోతే సమాచార హక్కు ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు, ముప్ఫై రోజుల్లో జవాబు. కాపీలు అడగడం కన్నా "రికార్డులు స్వయంగా పరిశీలిస్తాను" అని అడగడం మేలు. మొదటి గంటకు రుసుము లేదు, పక్కపక్కన పెట్టి చూసే వీలు ఉంటుంది. కానీ ఇది రెండో మెట్టు. మొదటే వాడితే శత్రువుల్లా చూస్తారు.

చివరగా ఆ బోనులు కడిగే మనిషి గురించి. ఔట్‌సోర్సింగ్ జీతం, అదీ ఆలస్యంగా, చేతికి గ్లవ్స్ లేకుండా రోజూ భయపడిన కుక్కల మధ్య తిరుగుతాడు. అతనికి రేబిస్ ముందస్తు టీకాలు వేశారా అని అడగండి. మొదటి రోజు, ఏడో రోజు, తర్వాత 21 లేదా 28వ రోజు, మూడు సూదులు. వేయకపోతే వేయించడం మీ మొదటి డిమాండ్ కావాలి, కుక్కల కన్నా ముందు. కరిస్తే పదిహేను నిమిషాలు ధారగా పారే నీళ్లు, సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. మీరు అతని కోసం నిలబడ్డారని తెలిస్తే, ఏ రోజు ఎన్ని చనిపోయాయో మీకు పుస్తకం కన్నా ముందు అతనే చెప్తాడు. నాకు అలాగే తెలిసింది.

సూపర్‌వైజరు మీద కోపం వద్దు. మళ్లీ వెళ్లండి. ప్రతి మంగళవారం ఉదయం అదే సమయానికి, ఇద్దరే. అతనికి ముందే చెప్పి వెళ్లండి. ఒక కాగితం మీద నాలుగే అంకెలు రాయండి: ఈ వారం ఎన్ని వచ్చాయి, ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని వదిలారు, ఎన్ని పోయాయి. కింద అతని సంతకం అడగండి, ఇవ్వకపోతే పట్టుబట్టకండి. ఆరు వారాల కాగితాలు చేరాక వాటితో కమిషనరు గారి దగ్గరికి వెళ్లండి.

నాలుగు వారాల అంకెలు రాగానే ఇక్కడ రాయండి, ఎక్కడ తేడా ఉందో కలిసి చూద్దాం. పిల్లలకు ఇంకా రక్త విరేచనాలు అవుతుంటే మాత్రం మంగళవారం దాకా ఆగొద్దమ్మా. ఈరోజే వెళ్లి ఆ వరసకు ఒక కొత్త చీపురు, ఒక కొత్త బకెట్ కొనిచ్చి రండి. ఇంటికెళ్లాక చెప్పులు గుమ్మం బయటే విడిచి, బ్లీచింగ్ నీళ్లతో కడగండి.